రెండు ల్యాప్‌టాప్‌లా, ఇరవయ్యా? బేరం ఎవరి దగ్గర ఆడాలి

"రెండు తీసుకుంటున్నాం కదా, ఎంత తగ్గిస్తారు?" అని షోరూమ్‌లో అడిగి చూడండి. ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒక బ్యాగు, ఒక మౌస్. గట్టిగా పట్టుబడితే ఐదొందలో వెయ్యో. చీరల కొట్లో, ఫర్నిచర్ షాపులో బేరమాడిన అలవాటుతో వెళ్లినవాళ్లకు ఇది మింగుడుపడదు.

ల్యాప్‌టాప్ మీద అమ్మేవాడికి మిగిలేది తక్కువ. బాగా అమ్ముడయ్యే మోడల్ ధర ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, పెంచి చెప్పి తగ్గించే వీలు కూడా అతనికి లేదు. తగ్గింపు రావాలంటే మూడు జేబుల్లో ఏదో ఒకదాంట్లోంచి రావాలి: అమ్మేవాడిది, తయారుచేసిన కంపెనీది, బ్యాంకుది. రెండు మూడు కొనేవాళ్లకు బ్యాంకు జేబు, ఐదు నుంచి పదిహేను దాకా డీలర్ జేబు, ఇరవై దాటితే కంపెనీ జేబు. ఇది నా లెక్క, ఊరిని బట్టి, మోడల్‌ని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. జేబు ఎవరిదో తెలియకుండా ఎంత బేరమాడినా గొంతు నొప్పే మిగులుతుంది.

## కొట్టుకు వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీకు నిజంగా పడే ధర. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

షాపులో చెప్పే 59,000 రూపాయల్లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. అంటే వస్తువు 50,000, పన్ను 9,000. మీ సంస్థకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మీరు చేసే వ్యాపారం మీద జీఎస్టీ కడుతూ ఉంటే, ఆ 9,000 ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, మీ లెక్కలోకి తిరిగి వస్తుంది. మీకు పడింది 50,000 మాత్రమే. ఇప్పుడు ఎవరైనా "బిల్లు లేకుండా అయితే 55,000కే ఇస్తాను సార్" అంటే, వినడానికి నాలుగు వేలు తగ్గినట్టుంది కానీ మీకు ఐదు వేలు నష్టం. పైగా వారంటీకి చూపించడానికి కాగితం ఉండదు. పది ల్యాప్‌టాప్‌ల మీద ఆ 'తగ్గింపు' విలువ 50,000 రూపాయల నష్టం.

ఈ క్రెడిట్ అందరికీ రాదు. అమ్మకాల మీద నేరుగా ఒక చిన్న శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారికి రాదు. స్కూళ్ల ఫీజు మీద, ఆస్పత్రుల వైద్యం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి వాటికీ రాదు. కోచింగ్ సెంటర్ ఫీజు మీద పన్ను వసూలు చేస్తుంది కాబట్టి దానికి వస్తుంది. ఇంటికి కొనుక్కునేవాళ్లకు ప్రశ్నే లేదు. క్రెడిట్ వచ్చేవాళ్లయితే కొటేషన్లన్నీ పన్ను లేకుండా ఎంత, పన్నుతో ఎంత అని విడివిడిగా అడగండి. లేకపోతే ఒకడు పన్నుతో, ఇంకొకడు పన్ను లేకుండా చెప్పిన ధరల్ని పక్కపక్కన పెట్టుకుని తికమక పడతారు.

రెండోది, అన్నీ ఒకే మోడల్ కావాలా? స్కూలు ల్యాబుకు కావాలి. చార్జర్లు కలుస్తాయి, ఒకటి పాడైతే ఇంకోదాన్ని చూసి సరిచేయొచ్చు. కానీ ఒకే మోడల్‌లో ముప్పై స్టాకు ఏ చిన్న షాపులోనూ ఉండదు. ఇంట్లో అన్నకో రకం, చెల్లికో రకం పర్వాలేదు. "ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ లేదా దానికి సమానమైన ఏఎండీ రైజెన్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఏ కంపెనీ అయినా సరే" అనగలిగినవాడికే తక్కువ ధర దొరుకుతుంది. "ఈ మోడలే, ఈ రంగే" అని కూర్చున్నవాడి బేరం అక్కడితో సరి.

మూడోది, వారంటీ. ఎన్నేళ్లు అన్నదానికంటే మెకానిక్ మీ దగ్గరికి వస్తాడా, మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలా అన్నది ముఖ్యం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉన్నవాళ్లకు పెద్ద తేడా లేదు. ఆదిలాబాద్‌లోనో పాడేరులోనో ఉన్న స్కూలుకు మాత్రం ఆన్‌సైట్ వారంటీ వెయ్యి రూపాయల తగ్గింపు కంటే ఎక్కువ విలువైనది.

ఇక డబ్బు ఎలా కడతారు, ఎప్పటికి కావాలి అన్నవి. ఇవాళే కట్టి రెండు వారాలు ఆగగలిగినవాడి మాటకు బరువు ఉంటుంది. రేపే కావాలి, డబ్బు మాత్రం నెల తర్వాత ఇస్తాం అనేవాడితో ఎవరూ బేరమాడరు.

## మార్గాలు, పక్కపక్కన

| మార్గం | ఎన్నింటికి నప్పుతుంది | తగ్గించేది ఎవరు | పట్టే సమయం | కన్నేసి ఉంచాల్సింది |
|---|---|---|---|---|
| ఆన్‌లైన్, బ్యాంకు కార్డుతో | 1–3 | బ్యాంకు | రెండు మూడు రోజులు | కార్డుకు ఒక్కటే, ఎక్కువ ఆర్డరిస్తే రద్దు కావచ్చు |
| పెద్ద షోరూమ్‌లు | 1–4 | బ్యాంకు, కొంత మేనేజర్ | ఆ రోజే | ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టడం |
| కంప్యూటర్ మార్కెట్ డీలర్ | 5–15 | డీలర్ | రెండు రోజుల నుంచి వారం | కార్డు మీద అదనం, విడిగా వేసిన ర్యామ్ |
| కంపెనీ స్పెషల్ ప్రైస్ | 20 పైన | కంపెనీ | కొన్ని వారాలు | ఒకే బ్రాండుకు నలుగురు డీలర్లను అడగడం |
| రిఫర్బిష్డ్ (వాడినవాటిని బాగుచేసి అమ్మేవి) | 5 పైన | అమ్మేవాడు, బాగా | వారం లోపు | బ్యాటరీ, విండోస్ 11 అర్హత |

### ఆన్‌లైన్, కార్డు ఆఫర్లు

ఇక్కడ బేరం అన్న మాటే లేదు. ఉన్నదల్లా అదను. పండగ సేల్స్‌లో కంపెనీ ధర తగ్గిస్తుంది, దాని మీద బ్యాంకు ఇంకొంత ఇస్తుంది. ఆ బ్యాంకు తగ్గింపుకు గరిష్ఠ పరిమితి ఉంటుంది, సాధారణంగా ఒక కార్డుకు ఒకసారే. అందువల్ల రెండు కొనేవాళ్లు రెండూ ఒకే ఆర్డర్‌లో పెట్టకుండా, నాన్నగారి కార్డు మీద ఒకటి, అక్క కార్డు మీద ఒకటి విడిగా పెడితే తగ్గింపు రెండుసార్లు వస్తుంది. మూడోదానికి మూడో కార్డు వెతకాలి, అక్కడితో ఈ దారి అయిపోయినట్టే. ఐదారు ఒకేసారి పెడితే తిరిగి అమ్ముకోవడానికి కొంటున్నారన్న అనుమానంతో ఆర్డర్ రద్దు చేసే వీలు ఈ సైట్లు నిబంధనల్లోనే ఉంచుకుంటాయి.

వడ్డీ లేని వాయిదాలని చెప్పే నో కాస్ట్ ఈఎంఐ గురించి ఒక మాట. వడ్డీని ముందే తగ్గింపుగా చూపిస్తారు, నిజమే. కానీ బ్యాంకు లెక్కలో వడ్డీ ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ మీ కార్డు స్టేట్‌మెంట్‌లో పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు విడిగా పడొచ్చు. పెద్ద మొత్తం కాదు కానీ సున్నా మాత్రం కాదు.

వ్యాపారానికి కొనేవాళ్లు అమెజాన్ బిజినెస్ లాంటి విడి ఖాతా తెరిస్తే జీఎస్టీ నంబరుతో బిల్లు వస్తుంది, కొన్ని వస్తువులకు ఎక్కువ కొంటే ధర తగ్గుతుంది. మామూలు ఖాతాతో కొంటే మాత్రం అమ్మేవాడు జీఎస్టీ బిల్లు ఇస్తాడో లేదో ఆర్డర్ పెట్టేముందే చూసుకోవాలి.

### పెద్ద షోరూమ్‌లు

క్రోమా, రిలయన్స్ డిజిటల్, బజాజ్ ఎలక్ట్రానిక్స్ లాంటివి. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒక్కటే. షర్టు మీద బ్రాండు పేరుతో నవ్వుతూ ఎదురొచ్చే కుర్రాడు తరచుగా షాపు ఉద్యోగి కాడు, ఆ కంపెనీ పెట్టిన ప్రమోటర్. తన బ్రాండు అమ్మించడం అతని పని, ధర తగ్గించే అధికారం అతనికి లేదు. మోడల్ గురించి అన్నీ అతన్ని అడగండి, ధర మాట మాత్రం మేనేజర్‌తో మాట్లాడండి. మూడు నాలుగు కొంటే మేనేజర్ చేతిలో కొంచెం వెసులుబాటు ఉంటుంది, అది ఎక్కువగా యాక్సెసరీల రూపంలో, కూపన్ల రూపంలో వస్తుంది. డిస్‌ప్లేలో పెట్టిన పీసు వద్దని ముందే చెప్పండి. తీసుకుంటే దానికి ధర విడిగా తగ్గించి రాయించుకోండి.

### కంప్యూటర్ మార్కెట్ డీలర్

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ఈ మాట వినగానే గుర్తొచ్చేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది. ఇలాంటి డీలర్ రెడింగ్టన్, ఇంగ్రామ్ మైక్రో, రాశీ పెరిఫెరల్స్ వంటి డిస్ట్రిబ్యూటర్ల దగ్గర సరుకు ఎత్తుతాడు. ఒక పీసు మీద అతనికి మిగిలేది కొద్దిగానే. కానీ ఇన్ని అమ్మితే ఇంత అని కంపెనీ, డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే టార్గెట్ డబ్బు వెనక ఉంటుంది. నెలాఖరులో టార్గెట్‌కు ఐదారు తక్కువ పడి ఉంటే మీ ఎనిమిది ల్యాప్‌టాప్‌లు అతనికి చాలా అవసరం. నెల మొదటి వారంలో "లాస్ట్ రేటు ఇదే సార్, ఇంక మిగలదు" అన్నవాడే ఇరవై ఎనిమిదో తారీఖున ఫోన్ చేసి రమ్మంటాడు.

ధర కదలకపోతే వస్తువు అడగండి. డీలర్‌కు 1,500 రూపాయలకు పడే బ్యాగు, మౌస్‌ల కంటే ర్యామ్ 8 నుంచి 16 చేయించడమో, రెండో ఏడాది వారంటీ వేయించడమో మీకు ఎక్కువ లాభం. ర్యామ్ విషయంలో ఒక జాగ్రత్త. పలుచటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకు అతికించే వస్తుంది, పెంచే వీలే ఉండదు. స్లాట్ ఉన్నవాటిలో డీలర్ వేసిన ర్యామ్‌కు కంపెనీ వారంటీ వర్తించదు, డీలర్ బిల్లే ఆధారం. ఆ ముక్క బిల్లు మీద విడిగా రాయించుకోవాలి.

చెల్లింపులో కార్డు తీస్తే దాదాపు రెండు శాతం అదనం అంటారు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా నెఫ్ట్, ఆర్టీజీఎస్ చేస్తే ఆ మాట రాదు. అదే మీ బేరానికి పట్టు: "ఇవాళే ఆర్టీజీఎస్ చేస్తాం, దానికి ఎంత తగ్గిస్తారు?" నగదు మాత్రం వద్దు. ఒక కొనుగోలుకు 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడం అమ్మేవాడికి నిషేధం. వ్యాపారస్తులు ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా గానీ, తరుగుదలకు (వస్తువు విలువ ఏటా తగ్గినట్టు రాసుకునే ఖర్చుకు) ఆస్తి విలువగా గానీ ఒప్పుకోరు. డీలర్ ఇచ్చిన తగ్గింపు అలా పన్నులో పోతుంది.

### కంపెనీ స్పెషల్ ప్రైస్

ఇరవై, ముప్పై దాటాక అసలు తగ్గింపు ఉండేది ఇక్కడే. పద్ధతి చాలామందికి తెలియదు. మీ సంస్థ పేరు, ఎన్ని కావాలి, ఏ కాన్ఫిగరేషన్ అన్నది డీలర్ కంపెనీకి పంపి, ఈ కస్టమర్ కోసం ప్రత్యేక ధర కావాలని అడుగుతాడు. కంపెనీ ఒప్పుకుంటే ఆ ధర మీ పేరు మీద, ఆ డీలర్ ద్వారా వస్తుంది. ముందుగా ఎవరు నమోదు చేయిస్తే మెరుగైన ధర సాధారణంగా వాళ్లకే దక్కుతుంది.

దీని వల్ల వచ్చే చిక్కు ఉంది. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోవాలని మనకు అలవాటు. హెచ్‌పీ డీలర్లు ముగ్గురికీ ఒకే ఎంక్వైరీ పంపితే, మొదటివాడు నమోదు చేసేస్తాడు, మిగతా ఇద్దరూ మామూలు ధరే చెప్పగలరు. పోటీ పెట్టానని మీరు అనుకుంటారు, నిజానికి పోటీ లేదు. పైగా మొదట నమోదు చేసినవాడు సరైనవాడు కాకపోతే అతనితోనే ఇరుక్కుంటారు. అందుకే బ్రాండుకు ఒక్కరు చొప్పున, లెనోవోకు ఒకరు, డెల్‌కు ఒకరు, హెచ్‌పీకి ఒకరు అని అడగండి. అప్పుడు పోటీ డీలర్ల మధ్య కాకుండా కంపెనీల మధ్య జరుగుతుంది. ముందు డీలర్‌ను ఎంచుకుని, ఆ తర్వాతే మీ పేరు, సంఖ్య బయటపెట్టండి.

ఈ ధరలు ఎక్కువగా బిజినెస్ సిరీస్‌లకే వస్తాయి: లెనోవో థింక్‌ప్యాడ్, థింక్‌బుక్, హెచ్‌పీ ప్రోబుక్, ఎలైట్‌బుక్, డెల్‌లో లాటిట్యూడ్, 2025 నుంచి అదే డెల్ ప్రో. షోరూమ్‌లో మెరిసే ఐడియాప్యాడ్ లాంటి ఇంటి వాడకం మోడళ్ల వైపు ఈ దారి తక్కువ. బిజినెస్ సిరీస్‌లో విండోస్ 11 ప్రోతో వచ్చే మోడల్ అడగండి. హోమ్ ఎడిషన్ ఆఫీసు డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే ఏర్పాటులో) చేరదు, తర్వాత ఒక్కోదానికి ప్రోకు మార్చాలంటే తగ్గింపు అంతా అక్కడే ఖర్చవుతుంది.

సమయం విషయానికొస్తే, కంపెనీల క్వార్టర్ (మూడు నెలల లెక్క) చివర్లు వేరువేరు. లెనోవో ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, హెచ్‌పీది అక్టోబరు 31తో, డెల్‌ది జనవరి చివర లేదా ఫిబ్రవరి మొదట్లో. ఆ చివరి వారాల్లో కంపెనీ సేల్స్ మేనేజర్‌కు మీ ఆర్డర్ మామూలు కంటే ముద్దు. అయితే 2025 చివర నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరగడంతో కొటేషన్ల గడువు గురించి జాగ్రత్త అవసరం. మంచి ధర చేతికొస్తే, ఇంకా తగ్గుతుందేమోనని నెల ఆగడం నాకైతే తెలివైన పనిలా అనిపించదు.

ప్రభుత్వ స్కూలు, ప్రభుత్వ కార్యాలయం అయితే సంగతి వేరు, వాళ్లు ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఉన్న జెమ్ పోర్టల్ నిబంధనల ప్రకారం వెళ్లాలి. ప్రైవేటువాళ్లకు అక్కడ కొనే వీలు లేదు.

### రిఫర్బిష్డ్

నిజంగా బేరం పండే చోటు ఇదే, ఎందుకంటే అమ్మేవాడికి సరుకు ఎంతకు పడిందో బయటివాళ్లకు తెలియదు, ఆన్‌లైన్‌లో సరిపోల్చే ధర లేదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు లాట్లుగా వస్తాయి. పది అడిగితే మొదట చెప్పిన ధర మీద గట్టిగా తగ్గించమనండి. కానీ ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ కంటే పాతవి ఎంత చవకైనా వద్దు. వాటి మీద విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ మద్దతు లేదు, విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాటరీలు కొత్తవి వేయించాలని బేరంలోనే పెట్టండి, తర్వాత అడిగితే విడి ధర చెబుతారు.

## ఎవరికి ఏది

బీటెక్‌లో చేరుతున్న ఇద్దరు పిల్లలున్న ఇల్లు: సేల్ సమయంలో రెండు కార్డుల మీద ఆన్‌లైన్. సేల్ లేని నెలలో కౌన్సెలింగ్ అయి వెంటనే కావాల్సి వస్తే షోరూమ్ మేనేజర్. మ్యాక్‌బుక్ అయితే బేరంతో కాలం వృథా చేయకుండా యాపిల్ విద్యార్థి ధర చూడండి, దానికి ఒక్కొక్కరికి పరిమితి ఉంటుంది కాబట్టి ఇద్దరు పిల్లలకూ ఎవరిది వాళ్ల పేరు మీద.

ఎనిమిది మంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ: డీలర్, నెలాఖరు, ఆర్టీజీఎస్, జీఎస్టీ బిల్లు. వీళ్లకు ఒక కిటుకు. కంప్యూటర్లకు ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల ఉంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కించే ఆ ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే మొదటి ఏడాది దాంట్లో సగమే వస్తుంది. అంటే అక్టోబరు మొదటి రోజులు దాటాక దీపావళి ఆఫర్‌లో కొంటే, ఆఫర్ లాభం, పన్నులో ఆలస్యం రెండూ పక్కపక్కన పెట్టి లెక్కవేయాలి. మిగతా సగం పోదు, తర్వాతి ఏళ్లలో వస్తుంది. అయినా ఆ ఏడాది లాభం ఎక్కువగా ఉన్నవాళ్లు సెప్టెంబరులోనే కొనడం మంచిది.

ముప్పై కావాల్సిన ప్రైవేటు స్కూలు: జీఎస్టీ క్రెడిట్ లేదు కాబట్టి పన్నుతో కలిపిన ధరే అసలు ధర. జూన్‌లో బడి తెరిచేలోపు కావాలంటే లెనోవో క్వార్టర్ ముగిసే మార్చిలో మొదలుపెట్టాలి. పిల్లలు నేర్చుకునే ల్యాబే అయితే నేను పరువు పక్కన పెట్టి రిఫర్బిష్డ్ కూడా చూస్తాను. ఇరవై కొత్తవాటి డబ్బుతో ముప్పై రావచ్చు, రెండు మూడు స్పేరుగా అట్టేపెట్టుకోవచ్చు.

## మాట ఎలా కలపాలి

మొదటి ప్రశ్నే "ఎంత తగ్గిస్తారు" అయితే బేరం అక్కడే చల్లబడుతుంది. "ఎనిమిది కావాలి, మోడల్ విషయంలో పట్టింపు లేదు, జీఎస్టీ బిల్లు, డెలివరీ రోజే డబ్బు. మీ బెస్ట్ రేటు రాసివ్వండి" అని మొదలుపెట్టండి. రాసిచ్చిన కొటేషన్‌లో పూర్తి మోడల్ నంబరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, విండోస్ ఎడిషన్, వారంటీ రకం, గడువు తేదీ ఉండాలి. "ఐ5 ల్యాప్‌టాప్" అని మాత్రమే రాసి ఉంటే దానికి విలువ లేదు. రెండు తరాల ఐ5ల మధ్య ధర చాలా తేడా ఉంటుంది.

"ఎనిమిది ఇప్పుడు, మూడు నెలల తర్వాత ఇంకో నాలుగు" అనే మాట నిజమైతేనే చెప్పండి. అబద్ధమైతే రెండోసారి వెళ్లినప్పుడు ఆ డీలర్ మీకు మామూలు రేటే చెబుతాడు. పక్క షాపు ధర చెప్పదలిస్తే కొటేషన్ చూపించండి. నోటి మాటగా "వాడు రెండు వేలు తక్కువన్నాడు" అంటే "అయితే అక్కడే తీసుకోండి సార్" అంటారు, అది న్యాయమే.

సరుకు వచ్చిన రోజు సీల్ తీసేముందు ప్రతి పెట్టె మీద సీరియల్ నంబరు బిల్లుతో పోల్చండి. తర్వాత ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో చూడండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర నెలల తరబడి ఉన్న పీసుకు వారంటీ ముందే నడుస్తూ ఉండొచ్చు. బిల్లు పంపిస్తే కంపెనీ ఆ తేదీని సరిచేస్తుంది, ఆ పని డీలర్‌తోనే చేయించండి. అన్ని పీసులకూ తేదీ సరయ్యేదాకా చివరి ఐదో పదో శాతం ఆపుతామని పర్చేజ్ ఆర్డర్‌లో ముందే రాసి ఉంటే ఎవరూ గొడవపడరు.